పాతరలో దీపం

భూమిలో తవ్విన జొన్నల పాతరలోకి ఈరన్న కాలు పెట్టబోతుంటే, తల్లి ఉరుకుందమ్మ అతని పంచె పట్టుకుని వెనక్కి లాగింది.

"ముందు లాంతరు దింపు నాయనా."

"పాముంటే కట్టెతో కొడతాలేమ్మా. నాయన మాదిరి కరిపించుకోను. కరువుకు పెట్టిన గంజి కేంద్రం గూడా మూసినారు, పిల్లోళ్లు ఆకలికి ఏడుస్తాండారు."

"దింపప్పా, నీకు దండం పెడతా."

విసుక్కుంటూ లాంతరును తాడుకు కట్టి దింపాడు. మనిషి లోతు పోగానే దీపం ఆరిపోయింది. పైకి లాగి, వెలిగించి, మళ్లీ దింపాడు. సరిగ్గా అక్కడే ఆరింది.

ఈరన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. "లోపల గాలి విసరడంల్యా గదమ్మా, ఎట్లా ఆరతాంది?"

"గింజల్లో పుట్టే సెడ్డగాలి బరువంట. నీళ్ల మాదిరి అడుగున నిలుస్తాది, ఊపిరాడనీదు. మీ నాయన పోయినంక ఆదోని డాక్టరు సెప్పినాడు. మీ నాయన్ని పాము కరవలేదప్పా."

"మరి ఇన్నేండ్లూ పామని సెప్పినావే!"

ఉరుకుందమ్మ పిడికిట్లో పంచె ఇంకా బిగిసే ఉంది.

"ఆ పొద్దు గూడా దీపం ఆరింది. సమురు అయిపోయిందేమో అనుకుంటి. నువ్వు ఆకలికి ఏడుస్తాంటివి. దిగుపో అని నేనే అంటి."