కనకవల్లి చెప్పే జవాబు

"మైట్రల్ స్టెనోసిస్ అని చెప్పు పాపా, ప్యాసైపోతావు," అంది కనకవల్లి, అలివేలు చెవిలో గుసగుసగా.

మద్రాసులో డాక్టరు పరీక్షలకు ఏటా పెరంబూరు నుంచి విద్యార్థులు పరీక్షించే రోగిగా వచ్చే మనిషి ఆమె; గుండెలో కవాటం ఇరుకయ్యే ఆ జబ్బు ఆమెది. ఎగ్జామినరుగా వచ్చిన గుండె డాక్టరు వెంకటపతి ఆ మాట విననట్టే ఊరుకున్నాడు. పదకొండేళ్ల కిందట, 1946లో, తన పరీక్షనాడు, ఆమె గుండెలో ఆయనకు ఏ చప్పుడూ వినపడలేదు. ఆమె చెవిలో చెప్పిన జవాబే అప్పజెప్పి ప్యాసయ్యాడు. ఆనాడు వినపడని ఆ చప్పుడు, ఏ రోగి మీద స్టెతస్కోపు పెట్టినా, ఆయన వెంట వస్తూనే ఉంది.

పరీక్షకు వచ్చిన అలివేలు చాలాసేపు వింది. "మైట్రల్ స్టెనోసిస్ సార్," అని ఆగి, ఇంగ్లీషులోనే ఇంకా చెప్పింది. గుండె లయ తప్పుతోంది. కొన్ని దెబ్బలు నాడిదాకా అందడం లేదు.

"పోయినేటి కాగితాల్లో అట్లాంటిదేమీ లేదే," అన్నాడు వెంకటపతి.

"ఇప్పుడుంది సార్." అలివేలు మాట మార్చలేదు.

కనకవల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నేను చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పిందే ఈ పాప. అదేంది సార్?"

వెంకటపతి మెడలోని స్టెతస్కోపు సర్దుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు వినలేదని నాకు తెలుసు నాయనా," అంది ఆమె మెల్లగా. "ఇప్పుడన్నా విను."

ఆయన వంగి విన్నాడు. అలివేలు చెప్పిందంతా అక్కడ ఉంది; జబ్బు ముదిరింది.

తల ఎత్తేసరికి, కనకవల్లి జవాబు కోసం ఆయన ముఖంలోకే చూస్తోంది.