సీలు పడ్డ డబ్బా

"తలుపు తెర్వున్రి సారూ! మా ఆయన లోపలున్నడు!"

లాడ్లీ బేగం అన్నం గిన్నె కింద పెట్టి లారీకి అడ్డంగా నిలబడింది. లారీ మీద గదంత ఇనప డబ్బా. భువనగిరి బట్టల గోదాముకు అలాంటిది రావడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ మూటలు లారీ దిగి రైలెక్కేవి, రైలు దిగి ఓడెక్కేవి. ఇక నుంచి డబ్బాకు డబ్బానే ఎత్తి పెడతారట. ఇక్కడ మూస్తే మళ్లీ సముద్రం అవతలే తెరవడం.

"లోపలున్నడని ఎవరు చెప్పిన్రమ్మా?" అన్నాడు మున్షీ పరమేశ్వర్.

ఆమె నేల మీద ఉన్న చెప్పుల జత చూపించింది.

బట్టను చెప్పులతో తొక్కకూడదని హమాలీలు వాటిని కింద విడిచే పైకి ఎక్కుతారు. తలుపు మూసేవాళ్లు ముందు కింద చెప్పులున్నాయేమో చూసుకుంటారు. ఇవాళ మూసింది పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు. ఆయనకు ఆ సంగతి తెలియదు. సీలు వేసి జీపెక్కి వెళ్లిపోయాడు.

పరమేశ్వర్ మొహం పాలిపోయింది. "మూటల మీద పండుకొని లోపలికి గుంజే పని హమీద్‌కే చెప్పిన... కని సీలు తెంపితే మాలంత వాపసొస్తది. నా నౌకరి పోతదమ్మా."

"నౌకరా? గీ ఎండకు మనిషి ఉడికిపోతడు సారూ!"

ఆమె కాలుతున్న ఇనుము మీద అరచేతులతో బాదింది. "తాహేరా అబ్బా! ఓ తాహేరా అబ్బా!" అని బిడ్డ పేరు పెట్టి మొగుణ్ణి పిలిచింది. చెవి ఆనించింది. లోపల అలికిడి లేదు.

మూటలు కుట్టే యాదమ్మ, హమాలీ చంద్రయ్య పెళ్లాం, వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "ఫికర్ జెయ్యకు లాడ్లీ. మనిషుంటే పలుకడా? మా చంద్రయ్యతోని పోయుంటడు. నమాజు జేసెటాయన్ని గూడ మావోడు కల్లు దుకాణం పట్టించిండేమో!"

డ్రైవరు కిసుక్కుమన్నాడు. లాడ్లీ వినలేదు. రాయి తీసుకుని సీలు మీదికి ఎత్తింది.

"ఓయ్! గదేం పని?"

గేటు దగ్గర హమీద్! పాదానికి కట్టుతో కుంటుతూ వస్తున్నాడు.

రాయి జారిపోయింది. లాడ్లీ అక్కడే కూలబడి ఏడ్చింది.

"మేకు దిగింది. దవాఖానకు పోయొస్తున్న. కాలు గింత వాచినంక చెప్పులెట్ల తొడుగుత?" అన్నాడు హమీద్.

పరమేశ్వర్ చెమట తుడుచుకుని, పొమ్మని లారీకి చెయ్యి ఊపాడు. డబ్బా పట్నం రోడ్డెక్కి, మలుపు తిరిగి కనుమరుగైంది.

"చెప్పలే నేను?" యాదమ్మ నవ్వింది. "అవుగని హమీద్ భాయ్, మావోడేడి? నీతోని రాలేదా?"

"నాతోనెందుకొస్తడు వదినె? కాళ్లకు చెప్పులు తొడగని మనిషి, ఇడిచే పని లేదని నా జాగల గబుక్కున మూటల మీదికి ఎక్కిండు గదా!"