చైను లేని బండి

సూర్యకళ కిరణ్ కుమార్‌తో ఫోన్ మాట్లాడి వచ్చేసరికి స్టవ్ మీద పప్పు మాడిపోయింది.

"ఫొటో ఒక్కటీ చాలదట, రెండో ఆధారం కావాలటండి. ఆదివారంలోగా ఇవ్వకపోతే నా వ్యాసం తీసేస్తారట," అంది భర్తతో.

రాజమండ్రిలో పాత బళ్ల ప్రదర్శన జరగబోతోంది. దానికి పత్రిక నడిపే కిరణ్ కుమార్ ప్రత్యేక సంచిక వేస్తున్నాడు. అందులో సూర్యకళ వ్యాసం, తాతయ్య ఫొటో. పంచె, కోటుతో తాతయ్య మోటార్ సైకిల్ మీద ఠీవిగా కూర్చున్నాడు. బండికి చైను లేదు. ఇంజన్ నుంచి వెనక చక్రానికి తిన్నగా ఒక కడ్డీ. షాఫ్టు బళ్లు అప్పట్లో లేకపోలేదు గానీ, సరిగ్గా ఇలాంటిదాన్ని వందేళ్ల కిందట ఏదో విదేశీ కంపెనీ చేసిందని కొందరూ, చెయ్యనేలేదని కొందరూ అంటారు. చూసినవాళ్లు మాత్రం లేరు.

సూర్యకళ చూసింది. భూతద్దం పెట్టి మరీ చూసింది. జాందానీ చీరలో ఒక్క పోగు తప్పినా పట్టేసే కళ్లు ఆవిడవి. ఆవిడకి శుభలేఖ ఇవ్వాలంటే మండపేటలో బంధువులు భయపడతారు, అచ్చుతప్పులు దిద్ది వెనక్కి ఇస్తుందని.

"చక్రాలకి మట్టి మరకైనా లేదు చూశారా? మా తాతయ్య శుభ్రత అది."

"మన రోడ్ల మీద తిరిగి కూడానా?" అన్నాడు గణేష్‌బాబు.

"నా మాట తప్పయితే ఈ ఇంట్లో ఇంకెవరి తప్పూ పట్టను."

గణేష్‌బాబు పేపరు మడిచి పక్కన పెట్టాడు. పెళ్లయ్యాక భార్య మాట అంత శ్రద్ధగా విన్నది అప్పుడే.

సూర్యకళ ఫేస్‌బుక్‌లో పెట్టిన తాతయ్య ఫొటో చూసి, శుక్రవారం ఉప్పాడ నుంచి హేమశ్రీ అనే అమ్మాయి ఒక ఫొటో పంపింది. అదే బండి. అదే నంబరు. మీద ఎవరో బుర్రమీసాలాయన. 'ఈయనెవరో తెలీదు గానీ, ఈ బండి మా ముత్తాత పల్లంరాజుగారిదండి' అని కింద రాసింది.

"తాతయ్య అమ్మేసుంటాడు, ఆయన కొనుక్కునుంటాడు," సూర్యకళ తేల్చేసింది. మర్నాడు పొద్దున్నే మొగుణ్ణి ఉప్పాడకి బయల్దేరదీసింది.

పల్లంరాజు కూతురు మరిడమ్మ ముసలావిడ. మంచం వాల్చి కూర్చోబెట్టింది.

"మా నాన్న చేపల వేట మానేసి ఆ బండితోనే మమ్మల్ని పెంచాడమ్మా. ఏ ఊళ్లో తీర్థమైనా, జాతరైనా బండి ఉండాల్సిందే. ఎంతమందిని ఎక్కించుకుందో."

"అద్దెకి తిప్పేవారన్నమాట." సూర్యకళ భర్త వైపు గెలిచినట్టు చూసింది. "అప్పట్లో పెట్రోలు దొరికేదాండీ?"

"పెట్రోలుదేముందమ్మా. వానొస్తేనే భయం."

"షాఫ్టులోకి నీళ్లు పోతాయండి," సూర్యకళ భర్తకి వివరించింది.

"అదేమోనమ్మా. రంగు పోతుందని మా నాన్న గోల."

గణేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు. "మీ నాన్నగారు బండితో ఉన్న ఫొటో ఏదైనా ఉందాండీ?"

సముద్రం రెండిళ్లు మింగినా మరిడమ్మ వదలని రేకుపెట్టె ఒకటుంది. అందులోంచి తీసిచ్చింది.

"ఇదొక్కటేనండి. ఎవరో సరదాకి తీశారు."

సూర్యకళ సంచీలోంచి భూతద్దం తీసింది. దాని అవసరం రాలేదు.

వాన మొదలైన తీర్థంలో పల్లంరాజు పరిగెడుతున్నాడు, ఒక చంకలో కెమెరా పెట్టె, రెండో చంకలో, రంగులేసిన చెక్కపలకలా, తాతయ్య మోటార్ సైకిల్.