ఏనుగు సినిమా

చీటీలు విప్పి చూస్తే అన్నదమ్ములిద్దరూ ఒకే జట్టులో పడ్డారు. అంతవరకు గలగలలాడుతున్న హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. రెండేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోని మనుషులు సినిమా పేరు కనుక్కునే ఆట ఎలా ఆడతారో ఎవరికీ పాలుపోలేదు.

"మళ్లీ వేద్దామా చీటీలు?" అన్నాడు ఇంటాయన, భార్య ముఖం చూడకుండా.

"వేసింది వేసినట్టే," అంది భార్య టీచరమ్మ.

బడిలో కొట్టుకునే పిల్లలను ఒకే బల్ల మీద కూర్చోబెట్టడం ఆమెకు అలవాటైన ఉపాయం. చీటీల మడతల్లో తేడా పెట్టింది తానేనని ఆమె ఒక్కతెకే తెలుసు. అన్నకు ఆమె చెల్లెలు, తమ్ముడికి అక్క. ఎంతో బతిమాలితే గాని ఇద్దరూ ఈ మధ్యాహ్నం ఆమె గడప తొక్కలేదు. ఇప్పుడు కూడా ఎడముఖం పెడముఖంగా వెళ్లిపోతే మళ్లీ పిలిచే సాహసం తనకు ఉండదని ఆమె ఎరుగును.

అన్న లేచాడు. అతడిది గడియారాలు బాగుచేసే కొట్టు. ఒకప్పుడు పొద్దున్నే షట్టరెత్తి అందులో ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. తమ్ముడు ఇప్పుడు బస్సుల డిపోలో టైర్ల గోదాము చూసుకుంటున్నాడు. అన్న డబ్బాలోంచి చీటీ తీసి, చదువుకుని, మడిచి జేబులో వేసుకున్నాడు. ఆ పేరును అతడు సైగలతో చూపించాలి. అతడి జట్టులోని తమ్ముడు, టీచరమ్మ, ఆమె కూతురు మూడు నిమిషాల్లో కనుక్కోవాలి. సైగ చేసేవాడు పెదవి విప్పరాదు, చూసేవాడు ఊరకుండరాదు. టీచరమ్మ ఆశలన్నీ ఆ నియమం మీదనే ఉన్నాయి.

అన్న ముందుగా రెండు వేళ్లు చూపించాడు.

"అక్కా, రెండు మాటల పేరా అని అడుగు," అన్నాడు తమ్ముడు గోడకేసి చూస్తూ.

"నన్నెందుకురా మధ్యలో? ఆయనకు నోరు లేదు గాని చెవులున్నాయి."

అన్న ఒంటిమోకాలిపై కూర్చుని, నేల దగ్గర తాళం తిప్పినట్టు చేశాడు. ఆపైన రెండు చేతులతో దేనినో పట్టి తలపైకి ఎత్తాడు. కూతురు తనకు తెలిసిన జైలు సినిమాలన్నీ ఏకరువు పెట్టింది. టీచరమ్మ దొంగల సినిమాలకు దిగింది. అవతలి జట్టులో ఫోను పట్టుకుని సమయం చూస్తున్న ఇంటాయన, బావగారు బరువులెత్తే పోటీకి తయారవుతున్నట్టున్నారని వెక్కిరించాడు.

అన్న ఇవేమీ పట్టించుకోలేదు. మూలనున్న చిన్న పీటను లాగి తన పక్కన వేసుకుని, దాని మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. సింహాసనమని కూతురు కేకేసింది. వరుసగా రాజుల సినిమాలు వచ్చాయి. దేనికీ అన్న తల ఊపలేదు. ఆటన్నాక ఓడిపోవడం గిట్టని తమ్ముడు ఇక ఉండబట్టలేకపోయాడు.

"రాజు కాదే, కిరీటం పెట్టుకోలేదుగా. కాస్త ఇటు తిరుగన్నయ్యా, చెయ్యి కనపడటం లేదు."

ఆ పిలుపు విన్నా విననట్టు అందరూ నటించారు. ఆ పూట హాలులో బాగా కుదిరిన నటన అదొక్కటే.

అన్న తమ్ముడి వైపు తిరిగాడు. కళ్లజోడు తీశాడు. ఆవగింజంత వస్తువేదో రెండు వేళ్ల కొనలతో పట్టుకున్నట్టు కంటి దగ్గరకు తెచ్చాడు, దూరం జరిపాడు, మళ్లీ దగ్గరకు తెచ్చాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు.

కూతురు గుడ్డివాళ్ల సినిమాలు ఎత్తుకుంది. అంతసేపూ ముందుకు వంగి చూస్తున్న తమ్ముడు వెనక్కి జారగిలబడ్డాడు.

"ఏదో ఒకటి చెప్పరా," అని టీచరమ్మ మోచేత్తో పొడిచింది.

అతడు నేల చూపులు చూస్తున్నాడు. నోరుజారి అన్నయ్యా అన్నందుకు ఇప్పుడు నాలుక కరుచుకుంటున్నాడు కాబోలని ఆమెకు భయమేసింది. అన్న అదే సైగ మరొకసారి చేశాడు. ఇక పది సెకన్లే ఉన్నాయని ఇంటాయన హెచ్చరించాడు. అన్న గబగబా తొమ్మిది వేళ్లు చూపించాడు.

"ఇందాక రెండు మాటలన్నావు, ఇప్పుడు తొమ్మిదా పెద్దమామయ్యా?" అని కూతురు తల పట్టుకుంది. ఫోను మోగింది.

ఇంటాయన చెయ్యి చాచి చీటీ అడిగి పుచ్చుకున్నాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క మాట: పిల్లలంతా పదేపదే చూసిన ఏనుగు సినిమా పేరు.

"ఇందులో ఏనుగెక్కడుంది బావగారూ? ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపితే పక్కింటివాళ్లు కూడా చెప్పేవారు."

అందరూ నవ్వారు. అన్న కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. తమ్ముడు లేచి ఎవరికీ చెప్పకుండా గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకున్నాడు. టీచరమ్మ వెనకే పరుగున వెళ్లింది.

"ఆటలో ఓడిపోతే అలిగి వెళ్లిపోతావట్రా?"

అతడు ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు.

"రేపు తొమ్మిదింటికి కొట్టుకు వస్తానన్నయ్యా. సన్నపనులేవీ నువ్వు ముట్టుకోకు."