ఎక్స్‌గ్రేషియా

"సంతకం ఎట్టకమ్మా."

దేవమణి కాంట్రాక్టరు ఆఫీసు మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, వెనక నుంచి ఎవరో అన్నారు.

తిరిగి చూసింది. మాసిన చొక్కా, వారం రోజుల గడ్డం. ఎన్నడూ చూడని మనిషి.

ఆమెకు ఒళ్లు మండింది. తొంభై ఒకటి దసరా ముందు, ఈ కాంట్రాక్టరు యార్డులోనే క్రేను నుంచి ఇనుప దిమ్మ జారిపడి భర్త సుందర్ రాజు పోయాడు. ఆరు నెలలుగా సాలువా నుంచి ఖరగ్‌పూర్‌కి తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోయాయి. ఇవాళ్టితో ఈ తిరుగుడు అయిపోతుందని వస్తే, గుమ్మంలోనే అడ్డు!

"మీరెవరు?"

ఆయన తల దించుకున్నాడు.

"అది తరవాత సెప్తాను. ఉత్తరంలో ఏటి రాసినారో తెలుసా నీకు?"

తెలియకేం? కాంట్రాక్టరు పంపిన ఉత్తరమంతా ఇంగ్లీషే. చదివిన ప్రతివాళ్లూ ఒక్క మాట దగ్గరే తడబడ్డారు: ఎక్స్‌గ్రేషియా. అది లాటిన్ మాట అనీ, కృపను బట్టి అని అర్థమనీ పాస్టరు గారు చెప్పారు. కృప అనగానే పక్కింటి ఎలీసమ్మ "స్తోత్రం" అంది. బుధవారం ఇంట్లో కృతజ్ఞత కూడిక కూడా పెట్టుకున్నారు.

"కృప అని రాసినారు."

"దేవుడిస్తే కృపేనమ్మా. షావుకారిస్తే, నీకు హక్కు నేదని నీ సేతే రాయించుకోవడం. సంతకం ఎట్టే కాగితంలో ఇంకో ముక్క ఉంది సూడు. తప్పు నీ పెనిమిటిదేనట. ఒద్దన్నా ఇనకుండా కొక్కెం కిందికి ఎల్లినాడట. సంతకం ఎట్టినావంటే అవునని ఒప్పుకున్నట్టే."

సుందర్ రాజు అలాంటి మనిషి కాడు. కానీ ఎవరు చూశారు? ఎవరు చెబుతారు?

"ఎంతిస్తామన్నారు?" అన్నాడాయన.

"పావు పేటీ."

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో లక్షను పేటీ అంటారు. నోట్లు పెట్టెల్లో మోసిన రోజుల నుంచి వచ్చిన మాటట. ఆ పెట్టె మొహం చూడనివాళ్ల నోట కూడా అదే మాట.

"హక్కుగా అడిగితే పేటీకి తగ్గదు. ప్లీడరునడిగి తెలుసుకున్నాను. లేబరు ఆఫీసుకి ఎల్దాం రా. అడగాల్సింది నువ్వే. సాచ్చికం నాను సూసుకుంటాను."

అప్పుడర్థమైంది ఆమెకు. బ్రోకరు! చావింటి మీద వాలి కమీషను అడిగేవాళ్లను ఈ ఆరు నెలల్లో ఎందరిని చూడలేదు!

"అందులో నీకెంత?"

"నాకేటీ వద్దమ్మా."

జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"అలిసిపోయినాను బాబూ. నా మానాన నన్నొదిలెయ్యి."

లోపలికి వెళ్లిపోయింది.

గుమాస్తా గోవిందరావు చూపించిన మూడు చోట్లా సంతకాలు పెట్టింది.

"ఇంక ఈ ఫైలు తెరవడం ఎవరి వల్లా కాదు. మీరు మళ్లీ రానక్కర్లేదమ్మా," అన్నాడతను.

డబ్బు సంచిలో పెట్టుకుంది. ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. మళ్లీ రానక్కర్లేదన్న మాట ఒక్కటే కాస్త హాయిగా అనిపించింది.

బయటికి రాగానే ఆ మనిషి ఎదురొచ్చాడు.

"ఎట్టేసినావా?"

తలూపింది.

ఆయన జేబులోంచి మడత పెట్టిన స్టాంపు కాగితం తీసి, ఒకసారి చూసుకుని, నిలువునా చింపేశాడు. సైకిలెక్కి స్టేషను వైపు వెళ్లిపోయాడు.

బీడీ ముట్టించుకుందామని గోవిందరావు మెట్ల మీదికి వచ్చాడు.

"తవిటయ్య ఎలిపోయినాడా?"

"ఎవరాయన? బ్రోకరే కదా?"

గోవిందరావు వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు.

"బ్రోకరేటమ్మా, ఆ రోజు క్రేను నడిపినోడు, దిమ్మ జారింది తన వల్లే, సుందర్ రాజు తప్పేటీ నేదని రాసి పట్టుకుని, జైలుకెల్లడానికైనా సిద్ధపడి, వారం రోజులుగా నీకోసం ఈ గుమ్మంలోనే కాసుకోని ఉన్నాడు."