పట్టీలమ్మ

"పట్టీ వదులుగా ఉందమ్మా."

"నాకు ఊపిరి ఆడొద్దా అండీ?"

టీచర్ విసుక్కుంది. పెద్దావిడ ఆ మాట విననట్టే ముందుకు వంగి, టీచర్ లైఫ్ జాకెట్ పట్టీ పట్టుకుని ఒక్క లాగు లాగింది.

పడవలో మిగతావాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. అందరి వంతూ అయ్యేదాకా ఆవిడ కూర్చోదని వాళ్లకు తెలుసు. వచ్చిన రెండోరోజుకే 'పట్టీలమ్మ' అని పేరు పెట్టేశారు.

తిమింగలాల నడవడిక మీద పరిశోధన చేసే బృందం అది. జీతం లేదు. సెలవు పెట్టుకుని వచ్చిన వాలంటీర్లు పొద్దున్నే పడవెక్కి సముద్రం మీదికి వెళ్లాలి. తిమింగలం ఎక్కడ ఊపిరి చిమ్మిందో కనిపెట్టాలి. మునిగే ముందు తోక పైకెత్తినప్పుడు ఫొటో తియ్యాలి. మనుషుల వేలిముద్రల్లాగే ఏ తోక గుర్తులు ఆ తోకవే.

బడికి సెలవు పెట్టి వచ్చిన టీచర్ చిన్నప్పటినుంచీ కలలుగన్న పని ఇది.

పెద్దావిడకిచ్చిన పని తేలికే. తిమింగలం మునగ్గానే గడియారం నొక్కాలి, తేలగానే మళ్లీ నొక్కాలి. అదీ సరిగా చేసేది కాదు. అందరి కళ్లూ నీళ్ల మీదుంటే, ఆవిడ కళ్లు అందరి జాకెట్ల మీద.

"మళ్లీ నొక్కలేదా?"

"మర్చిపోయానమ్మా. నువ్వు అంచు మీదికి వంగావు కదా, అటే చూస్తున్నా."

దానికి తోడు గదిలో కూడా పక్క మంచం ఆవిడదే.

ఆ సాయంత్రం తాడోపేడో తేల్చుకుందామని టీచర్ లీడర్ దగ్గరికి వెళ్లింది. లీడర్ నడివయసు మనిషి. మాట పొదుపు.

"మేడం, ఆవిణ్ణి వంటింట్లో వేయండి. ఇన్నిరోజుల్లో ఒక్క తిమింగలాన్నయినా తిన్నగా చూసిందా?"

"ఆవిడ పడవలోనే ఉంటారు."

"పోనీ నన్ను ఇంకో పడవలో వేయండి."

"ఉన్నదొక్కటే పడవ."

గోడకి చెప్పుకున్నట్టయింది.

మర్నాడు సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. ఇంజన్ ఆపేసి కూర్చున్నారు. ఉన్నట్టుండి పడవ పక్కనే తల్లీపిల్లా తేలాయి.

అందరూ ఒక్కసారిగా అటు తిరిగారు.

టీచర్ కెమెరాతో అంచు మీదికి వంగింది. పిల్ల తల్లిని ఒరుసుకుంటూ వస్తోంది. ఇంకొంచెం వంగింది. తల్లి తోకెత్తి దించింది. పడవ ఒక్క ఊపు ఊగింది.

నీళ్లలో పడ్డాక ఆమెకి ముందు తెలిసింది చలి. ఈతకొలనులో బారలు వేసిన చేతులు అక్కడ కొయ్యబారిపోయాయి. అయినా మునగలేదు. జాకెట్ ఆమెని గట్టిగా పట్టుకుని పైన తేల్చింది. పట్టీ పక్కటెముకల్లోకి దిగబడుతోంది.

పైకి లాగారు. తలా ఒక మాట అన్నారు. పెద్దావిడ మాత్రం తన శాలువాతో టీచర్ తల తుడుస్తూ కూర్చుంది. ఒడ్డుకొచ్చేదాకా రెండో చెయ్యి టీచర్ పట్టీని వదల్లేదు.

టీచర్ ఏదో చెప్పబోయింది. తను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. పొద్దున చెబుదాంలే అనుకుంది.

పొద్దున లేచేసరికి పక్క మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది.

లీడర్ పెరట్లో జాకెట్లని మంచినీళ్లతో కడుగుతోంది.

"ఆవిడ ఏరి మేడం?"

"ఆవిడ వచ్చేది వారానికేగా. మొదటి బస్సుకి వెళ్లిపోయారు."

"నా గురించి ఏమైనా అన్నారా?"

"ఒంట్లో చలి తగ్గిందో లేదో, ఇవాళ్టికి పడవెక్కించొద్దన్నారు."

టీచర్ తల దించుకుంది. ఓ జాకెట్ అందుకుని తనూ కడగడం మొదలుపెట్టింది. పట్టీ రుద్దుతూ అడిగింది.

"తిమింగలాలంటే ఇష్టం లేనప్పుడు ఎందుకొస్తారు మేడం ఆవిడ?"

లీడర్ కుళాయి కట్టేసింది.

"ఏటా వస్తారు. మా ఇంట్లో హాయిగా కూర్చోండమ్మా అంటే వినరు. పడవలోనే వెయ్యమంటారు."

"ఎందుకలా?"

"నేనూ నీలాగే వాలంటీర్‌గా వచ్చానిక్కడికి. అప్పుడు మా పడవలో జాకెట్ ఒకటి తక్కువ. గాలి తిరగబడి పడవ బోల్తా కొట్టబోతుంటే, తన జాకెట్ విప్పి నాకు తొడిగినవాడు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు."