తడి బరువు

ఈతకొలనులున్న విల్లాలకు పనికి వెళ్ళేవాళ్ళను గేటు దగ్గర తూస్తారు. లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. బరువు పెరిగితే నీళ్ళ దొంగ. విల్లావాళ్ళ కుక్క లక్ష లీటర్లలో ఈదితే మాత్రం వ్యాయామం!

వైదేహి గారి కొలనును ఆరేళ్ళుగా చంద్రకళే శుభ్రం చేస్తోంది. ఆ రోజు నాచు గీకింది, క్లోరిన్ చూసింది, చివర్లో జడ విప్పి నీళ్ళలో ముంచింది. ముడి వేసి పైన కొంగు కప్పుకుంది. ఇంట్లో కూతురికి ఒళ్ళు కాలిపోతోంది. నుదుటిమీద తడిగుడ్డ వెయ్యడానికి బస్తీలో చుక్క లేదు. నీళ్ళ బండి ఎల్లుండి గాని రాదు.

గేటు కాంటా ఎర్రగా వెలిగింది. "నాలుగు వందల గ్రాములు ఎక్కువ," అని పలికింది.

"జడ పిండు అక్కా, నా నౌకరి పోతది," అంది కాపలా సుల్తానా మెల్లగా.

"నీళ్ళెక్కడియే? అన్నం తిన్న. దొరసాని పెట్టింది."

కాంటా ఊరుకుంటుందా? నేరుగా ఇంట్లోకి ఫోన్ కలిపింది. "మేడమ్, చంద్రకళకు భోజనం పెట్టారా?"

ఇంటి స్పీకర్లో ఆ ప్రశ్న వచ్చిన చుట్టాలందరికీ వినిపించింది. ఆరేళ్ళలో ఆ ఇల్లు ఆమెకు గ్లాసు మంచినీళ్ళు ఇచ్చిన పాపాన పోలేదు. అంతమంది ముందు వైదేహి లేదని ఎలా చెబుతుంది?

"పెట్టాం. పులిహోర," అంది.

పచ్చ దీపం వెలిగింది. సుల్తానా నవ్వాపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. చంద్రకళ ఫోన్ దగ్గరికి వంగింది.

"మస్తుగున్నది దొరసానీ. రేపు గూడ పెట్టుండ్రి. బిడ్డకు జరం తగ్గేదాంక."